కింద నుంచి కోత

కొబ్బరికాయ కొనేవాడు ముందు కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాడు. లోపల నీళ్లు పలికితేనే బేరం మొదలవుతుంది. వాసంశెట్టి త్రిమూర్తులు చిన్నతనం నుంచీ కాయలు ఊపి బతికిన మనిషి. వార్తల్ని కూడా అలాగే ఊపి చూసేవాడు. మొదటి వాక్యంలోనే లోపలి సరుకు పలకాలి. పలకలేదంటే డొల్లకాయ, పక్కన పడేయడమే.

కొబ్బరి వ్యాపారికి వార్తలతో పనేమిటని అడగొచ్చు. పగలంతా కొండాలమ్మపేట మార్కెట్లో కాయల రాశుల మధ్య తిరిగే త్రిమూర్తులు, సాయంత్రం కాగానే ‘తూర్పుగాలి’ దినపత్రికకు విలేకరి అయిపోయేవాడు. ఆ రోజు కొబ్బరి రేటు, ఊళ్లో ముఖ్యమైన విషయాలు రాసి, కవరు మీద ఎర్రసిరాతో ‘ప్రెస్’ అని పెట్టి, జిల్లా కేంద్రానికి వెళ్లే ఆఖరి బస్సు కండక్టరు చేతికిచ్చేవాడు. పొద్దున్నే అది అచ్చయి వచ్చేది. సెల్‌ఫోన్లు ఇంకా ఎవరి జేబులోనూ లేని రోజులవి.

ఆయన రాసే వార్తల్లో మిగతావి ఒక ఎత్తు, కాజ్‌వే వార్త ఒక ఎత్తు. పేటకు ఎదురుగా గోదారి పాయ మధ్యలో ముంగిలంక ఉంది. లంకకూ పేటకూ మధ్య నీళ్లకు జానెడెత్తున ఒక సిమెంటు దారి, అదే కాజ్‌వే. వర్షాకాలంలో ఎగువన ఆనకట్ట గేట్లెత్తితే అది మునుగుతుంది. ఎప్పుడు మునుగుతుందో నీటిపారుదల శాఖ వాళ్లు ముందురోజు చెబుతారు. త్రిమూర్తులు రాస్తాడు. లంకవాళ్లు తెల్లారి చదువుకుని పశువుల్ని, అటకల మీది కురిడీని పేటకు దాటించుకుంటారు. కురిడీ అంటే ఏడాదిపాటు అటక మీద నిలవుండి, నీళ్లు ఇంకిపోయి, లోపల గుండు గలగలమనేదాకా ఆగిన కాయ. ఏడాది కష్టం. ఒక్క పూట నీళ్లు తగిలితే ఎరువు. లంకలో ఒకే ఒక టెలిఫోను ఉండేది. వర్షాకాలంలో అది కూడా ఉండేది కాదు. అందుచేత లంక మొత్తం త్రిమూర్తులు మాట మీద నడిచేది. వ్యాపారంలో అంతకంటే పెద్ద పెట్టుబడి లేదని, అది పోతే తిరిగి రాదని ఆయనకు తెలుసు.

అలాంటి రోజుల్లో ప్రధాన కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది.

“సంధ్య ఎర్రబడుతోంది. మూడో అంతస్తు కిటికీ మీద ఒంటరి పావురం ఒకటి వాలింది. దాని కళ్లలో ఏదో ప్రశ్న” అని మొదలైంది. త్రిమూర్తులు పావురం ఏమడుగుతుందోనని మొదటి పేజీ అంతా చదివాడు. రెండో పేజీ చివర అసలు సంగతి తగిలింది. ఇకమీదట పత్రికలో ఏ వార్తనూ వార్తతో మొదలుపెట్టకూడదట. ప్రతిదానికీ కథలాంటి ‘ప్రవేశిక’ ఒకటి ఉండాలట. విలేకరులందరూ శిక్షణకు రావాలట.

శిక్షణ జిల్లా కేంద్రంలో ఒక కల్యాణ మండపంలో జరిగింది. పెళ్లికొడుకు కూర్చునే కుర్చీలో ఆచార్య విరించి గారు కూర్చున్నారు. కథనశిల్ప ప్రధాన సలహాదారు అనే ఉద్యోగం ఆయన కోసమే పుట్టింది.

“మిత్రులారా, పాఠకుడు వార్త కోసం పత్రిక కొంటాడనేది మన పూర్వీకుల అపోహ,” అన్నారాయన. “పాఠకుడు అనుభూతికి చందాదారుడు. వార్త ఆ అనుభూతికి అనుబంధం మాత్రమే. వార్త చెప్పడం నేరమని నేను అనను. ముందే చెప్పడం నేరం.”

త్రిమూర్తులు లేచి నిలబడ్డాడు. “ఆయ్, బాగా చెప్పారండి. మరి కొబ్బరి రేటుకి అనుభూతి ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?”

“రేటులో ఒక మనిషి దాక్కుని ఉన్నాడు. ఆ మనిషిని వెతకండి.”

త్రిమూర్తులు ఇంటికొచ్చి ఆ మనిషిని వెతికాడు. చెట్లెక్కి కాయలు దింపే సూర్యనారాయణ దొరికాడు. ఆకాశాన్ని అంటుకునే చెట్టు మొవ్వులో కూర్చుని సూర్యనారాయణ కిందికి చూశాడని, గాలికి చెట్టు ఊగిందని, అతని గుండె కూడా ఊగిందని, చిన్నప్పుడు నాన్న భుజమెక్కిన రోజు గుర్తొచ్చిందని శ్రద్ధగా రాసి, ఆఖర్న రేటు వేసి పంపాడు. తెల్లారి పేపరు చూస్తే నాన్న భుజం దాకా ఉంది. రేటు లేదు.

ఆ పూట మార్కెట్లో ఒక్క బేరం తెగలేదు. పై ఊళ్ల వ్యాపారులు లారీలు నిలిపేసి త్రిమూర్తులు కొట్టు చుట్టూ మూగారు. రేటెంతో చెప్పమని ఒకడు, ఆ సూర్యనారాయణ చెట్టు దిగాడా లేదా అది చెప్పమని ఇంకొకడు. అసలు సూర్యనారాయణ అక్కడే నిలబడి టీ తాగుతున్నా, కొందరు పేపర్లో చూస్తే గాని నమ్మమన్నారు.

త్రిమూర్తులు తిన్నగా బస్సెక్కి పత్రిక జిల్లా కార్యాలయానికి వెళ్లాడు. అక్కడ డెస్కు ఇన్‌చార్జి సోమయాజులు గారు నిదానస్తుడు. కత్తెర పక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకుని సంగతి విప్పి చెప్పాడు. జాగా చాలకపోతే వార్తను కింద నుంచి కొయ్యడం ఆ ఆఫీసులో సీసం అక్షరాల కాలం నుంచీ ఉన్న పద్ధతి. ముఖ్యమైనది పైన, చిల్లరమల్లర కింద ఉండేవి కాబట్టి కళ్లు మూసుకుని కోసినా నష్టం ఉండేది కాదు. ఇప్పుడు ముఖ్యమైనది కిందికి వెళ్లింది. కోత మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

“మరి పై నుంచి కొయ్యొచ్చు గదండి?”

“పైన ఉన్నది ప్రవేశిక. అది ముట్టుకుంటే సంజాయిషీ అండి.”

“మధ్యలోంచి?”

“మధ్యలోంచి కోసిన సంప్రదాయం లేదండి.”

“పోనీ, కోతే మానెయ్యండి.”

సోమయాజులు ఆయన వంక జాలిగా చూశాడు. ప్రవేశికల మీద సర్క్యులర్ వచ్చిందనీ, కోత మీద రాలేదనీ, రానిదాన్ని అమలు చెయ్యడం తన వల్ల కాదనీ చెప్పి, కత్తెర మళ్లీ అందుకున్నాడు.

ఇక అక్కణ్ణుంచి జిల్లాలో ఏ సంగతీ పూర్తిగా జరగలేదు. దొంగతనం వార్త చీకటి, కుక్క అరుపు, కిర్రుమన్న తలుపు దగ్గర ఆగింది. ఎవరిల్లో తెలియక ఊరందరూ బీరువాలు తెరిచి చూసుకున్నారు. పదో తరగతి ఫలితాలు ఒక తల్లి దేవుడి పటం ముందు దీపం వెలిగించడంతో ముగిశాయి. పేట మునసబుగారి వంశంలో పెద్దాయన కాలం చేస్తే, ఆయన చిన్నతనంలో తాటిముంజెలు దొంగిలించిన ముచ్చటతో వార్త ఎత్తుకుంది. కాలం చేసిన ముక్క తెగిపోయింది. ఆయనకేదో సన్మానం జరుగుతోందనుకుని నలుగురు దండలు పట్టుకుని వెళ్లారు. దండలు రెండింటికీ పనికొచ్చేవే కాబట్టి వాళ్లకు నష్టం రాలేదు.

పత్రికకైతే లాభమే వచ్చింది. నిన్నటి సంగతి ఏమైందో తెలుసుకోవడానికి జనం ఇవాళ్టి పేపరు కొన్నారు. ఇవాళ దొరక్క రేపటిది కొన్నారు. అమ్మకాలు పెరగడం చూసి ప్రధాన కార్యాలయం ‘పాఠకుల్లో ఉత్కంఠ సాంద్రత పెరిగినట్లు’ నివేదిక రాసుకుంది. విరించి గారికి రెండో కారు ఇచ్చారు.

జబ్బు సర్కారు ఆఫీసులకూ పాకింది. పత్రికలో తమ పేరు పడాలంటే ప్రకటన కూడా ఆ వరసలోనే ఉండాలని అధికారులు గ్రహించారు. నీటిపారుదల శాఖ డీఈ గారి నోటు గోదారి పుట్టిన కొండల దగ్గర మొదలై, కాగితం వెనక్కి తిప్పాక గాని ఆనకట్ట దాకా వచ్చేది కాదు. త్రిమూర్తులు ఆయన్ను కలిసి టైము ఒక్కటీ పైన వేస్తే చాలని అడిగాడు.

“జీవనదిని గడియారానికి కట్టేయమంటారా?” అన్నాడు డీఈ. “ఇది శాఖాపరమైన గౌరవానికి సంబంధించిన అంశం. ప్రవాహక్రమంలో టైము దానంతటదే వస్తుంది.”

ఆషాఢంలో మొదటి వరద వచ్చింది. త్రిమూర్తులు చేతనైనంత పొట్టిగా ప్రవేశిక రాశాడు. లంక మీద పొద్దు పొడవడం, పంపరపనస చెట్టు కింద లేగదూడ, ఎర్రబడుతున్న నీరు. మూడు ముక్కలే, నాలుగోది టైము. ఆ రోజు పేజీలో సబ్బు ప్రకటన ఒకటి ఆఖరి నిమిషంలో వచ్చింది. వార్త లేగదూడ దాకా మిగిలింది.

కాజ్‌వే మునిగింది. చిన్న వరదే గనక పశువులు దక్కాయి, కురిడీ దక్కింది. పల్లపు పక్కనున్న బంగారమ్మ గడ్డిమేటు మాత్రం మేటుకు మేటే సముద్రం వైపు వెళ్లిపోయింది. బంగారమ్మ త్రిమూర్తులుకు సొంత అక్క, లంకలో కాపురం. నీళ్లు తీశాక పేటకొచ్చి, తమ్ముడి కొట్టు ముందు, పదిమంది బేరగాళ్లు వింటుండగా నిలబడింది.

“ఏరా తమ్ముడూ, పంపర చెట్టు నా దొడ్లోదే. దూడా నాదే. వాటి సంగతి నాకు తెలీదనా రాశావు? నీళ్లెప్పుడొత్తాయో అది రాయలేకపోయావా?”

“రాశానే అక్కా. కోసేశారు.”

“కోసేవోడికి గడ్డి కొయ్యమను, తెలుత్తాది. ఒరే, లంకలో అందరూ ఒకటే మాటంటన్నారు. త్రిమూర్తులు రాసింది సదవొద్దు, ఏటి వంక సూసుకోండని. పెద్ద గోదారి ముందుంది. అటకల మీద కురిడీ అంతా అలాగే ఉంది. నీ మాట మీద ఉంచాలా, దింపేసుకోవాలా? ఏదో ఒకటి సెప్పు.”

గడ్డిమేటుకు గడ్డిమేటు వేయించొచ్చు. మాటకు మాట ఎక్కడ దొరుకుతుంది? ఆ రాత్రి త్రిమూర్తులు పడక మీద అటూ ఇటూ దొర్లుతూ లాభనష్టాలు బేరీజు వేసుకున్నాడు. పత్రికలో కోతపడని జాగా ఏదైనా ఉందా అని ఒక్కో పేజీ మనసులో తిప్పాడు. అప్పుడు తట్టింది. ఉంది. సబ్బు. లేగదూడ పోయింది, గడ్డిమేటు పోయింది, సబ్బు మాత్రం నురగతో సహా క్షేమంగా ఉంది. డబ్బిచ్చి కొన్న జాగాను ఎవడూ కొయ్యడు.

మర్నాడు పత్రిక ఆఫీసు కింది అంతస్తులోని ప్రకటనల గదికి వెళ్లి, చిన్న ప్రకటనల్లో ‘వివిధములు’ అనే శీర్షిక కింద రెండు పంక్తుల జాగా సీజను మొత్తానికి మాట్లాడేసుకున్నాడు. లంకలో ఇంటింటికీ తిరిగి, మొదటి పేజీ వదిలేసి ఆఖరి పేజీ అడుగున చూడమని చెప్పొచ్చాడు. పాడి గేదె అమ్మబడుననే దానికి, వధువు కావలెననే దానికి మధ్యన ఆ రోజు నుంచి కొబ్బరి రేటు పడసాగింది. పై ఊళ్ల లారీలు కదిలాయి.

ఈ సంగతి దాగలేదు. దొంగతనం జరిగినవాళ్లు దొంగతనం జరిగిందని ప్రకటన ఇచ్చుకున్నారు. పాసైన పిల్లల తండ్రులు పాసయ్యారని ఇచ్చుకున్నారు. మునసబుగారి పెద్దాయన పోయిన మాట కూడా కర్మలనాటికి అక్కడే బయటపడింది. జిల్లాలో జరిగినవన్నీ వివిధములలో చేరాయి. మొదటి పేజీలో పావురాలు మిగిలాయి.

ఇంతలో త్రిమూర్తులుకు ఒక టెలిగ్రాం వచ్చింది. ఆయన రాసిన లేగదూడ ప్రవేశికకు ఆ ఏటి ‘ప్రవేశికా రత్న’ బిరుదు ఇస్తున్నారట. న్యాయనిర్ణేత విరించి గారే. ‘ఆద్యంతం వెదికినా వార్త జాడ కనిపించని తొలి వార్త’ అని ఆయన మెచ్చుకున్నారట. పత్రిక ఛైర్మన్ గారు ఎంత కదిలిపోయారంటే ఆ పంపర చెట్టు కిందే సన్మానం చేస్తానన్నారు. వచ్చే గురువారం, ముంగిలంకలో.

బంగారమ్మ విని, గడ్డిమేటు పోయింది తనకైతే శాలువా తమ్ముడికెందుకని మాత్రం అడిగింది.

బుధవారం మధ్యాహ్నం డీఈ ఆఫీసులో నోటు ఇచ్చారు. త్రిమూర్తులు కొండలు, అడవులు దాటుకుంటూ కాగితం వెనక్కి తిప్పాడు. ఎగువన గేట్లన్నీ ఎత్తుతున్నారు. పెద్ద గోదారి. గురువారం పన్నెండింటికి కాజ్‌వే మునుగుతుంది, శనివారం పొద్దుటి దాకా తేలదు. పాయలో పడవలు వెయ్యరు.

మొదట ప్రకటన రాశాడు. “ముంగిలంక కాజ్‌వే గురువారం పగలు పన్నెండుకు మునుగును. పశువులు, సరుకు ముందే దాటించుకొనవలెను. త్రిమూర్తులు.” తర్వాత వార్త రాశాడు, రూలు ప్రకారం ప్రవేశికతోటే. రెండూ ఒకే కవరులో పెట్టి బస్సుకిచ్చి, పోస్టాఫీసుకు పరిగెత్తి సోమయాజులుకు ట్రంకాల్ చేశాడు. ఛైర్మన్ గారు అప్పటికే బయల్దేరి దారిలో అతిథిగృహంలో దిగారని, పొద్దున్న పేపరు చదివితే ఆయనకే తెలుస్తుందని సోమయాజులు ధైర్యం చెప్పాడు.

“ప్రకటనలు చదువుతారాండీ ఆయన?”

“ఛైర్మన్ గారు ప్రకటనలు చదవరండి. లెక్కపెట్టుకుంటారు.”

గురువారం తెల్లవారేసరికి కాజ్‌వే మీద సంత కదిలినట్టుంది. బళ్ల మీద కురిడీ, బళ్ల వెనక గేదెలు, గేదెల వెనక ఆడవాళ్లు, గంపల్లో కోళ్లు, అంతా పేట వైపు. అదే దారిలో ఎదురుగా, లంక వైపు, ఛైర్మన్ గారి కార్లు. గేదెలు దారివ్వక కార్లు ఆగాయి. ఛైర్మన్ గారు అద్దం దించి ఈ హడావిడి ఏమిటని అడిగారు. జానపద శైలిలో స్వాగత ఊరేగింపని విరించి గారు వివరించారు. ఛైర్మన్ గారు గేదెలకు నమస్కారం పెట్టారు.

త్రిమూర్తులు పరుగున వచ్చి కారు కిటికీ పట్టుకున్నాడు.

“అయ్యా, పన్నెండింటికి ఈ దారి మునిగిపోద్దండి. వెనక్కి తిప్పించండి.”

విరించి గారు కళ్లు మూసుకున్నారు. “ఆహా. ఒక్క వాక్యంలో కాలం, స్థలం, ప్రమాదం. చూశారా ఛైర్మన్ గారూ, శిక్షణ ఎంత లోతుకు దిగిందో.”

“నిజం చెబుతున్నానండి.”

“నమ్మించే తీరు చూడండి,” అన్నారు విరించి. ఛైర్మన్ గారు ముచ్చటపడి, ఆ ముక్క వేదిక మీద మైకులో చెప్పమన్నారు.

త్రిమూర్తులు మైకులో కూడా చెప్పాడు. పత్రిక సిబ్బంది చప్పట్లు కొట్టారు. సిబ్బందిలో ఒకడు, కొత్తగా చేరినవాడు కాబోలు, మునిగాక ఏమవుతుందని అడగబోతే, ఆ ప్రశ్న పాఠకుడు అడగాలి గాని మనం అడగకూడదని విరించి గారు మందలించారు. ఛైర్మన్ గారి డ్రైవరు మాత్రం అద్దె ఇంటి కోసం రోజూ చిన్న ప్రకటనలు చూసుకునే మనిషి. పదకొండు దాటగానే చడీచప్పుడు లేకుండా కార్లన్నీ పేటకు దాటించేశాడు. మనుషుల గురించి ప్రకటనలో లేదు గదా, పశువులు, సరుకు అనే ఉంది.

శాలువా కప్పుతుండగా పన్నెండయింది. గోదారి చెప్పిన టైముకు వచ్చింది.

అందరికీ దిక్కు బంగారమ్మ ఇల్లే అయింది. ఇల్లు మెరకన ఉంది, బియ్యం, కిరసనాయిలు ముందే తెచ్చిపెట్టుకుంది. ప్రాణభయం లేదు. ఛైర్మన్ గారికి మాత్రం మర్నాడు రాజధానిలో ఏదో పెద్ద మీటింగు ఉంది. అరుగు మీద కూర్చుని మజ్జిగన్నం తింటూ ఎర్రటి నీళ్ల వంక చూసి, ఈ నీళ్లు ఎప్పుడు తగ్గుతాయని అడిగారు.

త్రిమూర్తులు నోరు తెరవబోయాడు. బంగారమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“అది నా పెళ్లయిన ఏడండి,” అని ఎత్తుకుంది. “ఈ అరుగు మీదే, మీరు కూకున్న సోటే కూకున్నాను. కాళ్లకి పారాణి ఆరలేదు. ఆకాశం సూత్తే కాటుకలా ఉంది...”

“అమ్మా, టైము చెప్పమ్మా.”

“అక్కడికే వత్తన్నానండి. ముందు అనుభూతి. మా అత్తగారు గుమ్మంలో నిలబడి నా వంక అదోలా సూసిందండి. ఆ సూపులో ఏవుందంటే...”

ఛైర్మన్ గారు త్రిమూర్తులు వైపు తిరిగారు. “మీరైనా చెప్పండి.”

“మా అక్క ప్రవేశికలో ఉందండి,” అన్నాడు త్రిమూర్తులు వినయంగా. “అది ముట్టుకుంటే సంజాయిషీ.”

అత్తగారి చూపు అయింది, ఆడపడుచు వచ్చింది, పారాణి ఆరింది. ఛైర్మన్ గారి చేతిలో ముద్ద ఆరిపోయింది. ఆఖరికి ఆయన కంచం పక్కన పెట్టి రెండు చేతులూ జోడించారు.

“తల్లీ, ముందు నీళ్లెప్పుడు పోతాయో చెప్పు. ఆ తర్వాత ఏ కథైనా వింటాను.”

“శనారం పొద్దున్నండి,” అంది బంగారమ్మ. “అదే, మీ పేపర్లో ముందు ఎయ్యమంటన్నాం.”

విరించి గారు ఏదో అనబోతే ఛైర్మన్ గారు చేత్తో ఆపారు. శనివారం దారి తేలాక, పేటలో కారెక్కుతూ త్రిమూర్తులు భుజం మీద చెయ్యి వేసి, వారం తిరిగేలోగా సర్క్యులర్ వస్తుందని మాట ఇచ్చారు. త్రిమూర్తులు ఆ మాటను ఊపి చూశాడు. పలికింది.

సర్క్యులర్ వచ్చింది కూడా. ఛైర్మన్ గారు చెప్పింది ప్రధాన కార్యాలయం వాళ్లు అమల్లో ఉన్న పద్ధతిలో రాశారు. “గోదారి నిండుగా పారుతోంది. లంకలో ఒక పాత ఇంటి అరుగు మీద ఒక పెద్దమనిషి మజ్జిగన్నం కలుపుకుంటున్నాడు” అని మొదలైంది. మజ్జిగ పులుపు, పారాణి, అత్తగారి చూపు అన్నీ ఉన్నాయి. సర్క్యులర్ ఒక్క పేజీకి మించరాదని ఈమధ్యే పొదుపు కోసం తీర్మానించారు గనక, మిగిలింది కింద నుంచి కోశారు. “ఆ క్షణాన ఆయన మనసులో ఒక నిర్ణయం మెరిసింది. ఇకమీదట మన పత్రికలో ప్రతి వార్తా” దగ్గర కాగితం అయిపోయింది.

త్రిమూర్తులు దాన్ని పట్టుకుని సోమయాజులు దగ్గరికి వెళ్లాడు. సోమయాజులు రెండుసార్లు చదివి, కాగితం వెనక్కి తిప్పి చూసి, కొత్త ఆదేశం అందనందువల్ల పాత ఆదేశమే నడుస్తుందని తేల్చాడు. త్రిమూర్తులు మెట్లు దిగి ప్రకటనల గదికి వెళ్లి, వివిధములలో తన రెండు పంక్తులను వచ్చే సీజనుకు కూడా మాట్లాడుకున్నాడు.

సాయంత్రం కొట్లో కురిడీ తూకం వేయిస్తుంటే బంగారమ్మ వచ్చింది.

“ఏరా, ఆయన కాయితం వచ్చిందంట గదా. ఏవన్నాడు ఛైర్మను గారు?”

త్రిమూర్తులు జేబులోంచి సర్క్యులర్ తీసి, మడత విప్పకుండానే చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

“ఇంకా అనలేదక్కా,” అన్నాడు. “మొదలెట్టాడు.”